పాత ఎండీబీ ఫైల్‌కు ఓడీబీసీ డ్రైవరా, యూకెన్‌యాక్సెస్సా?

పాత ఎండీబీ ఫైల్ నుంచి, అంటే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ నుంచి, డేటా బయటికి తీయడం ఎలా అని అడిగారు. మీ దగ్గర 64-బిట్ విండోస్, 32-బిట్ ఆఫీస్ ఉన్నాయన్నారు. ఆ ఫైల్‌కు ఓడీబీసీలో (ప్రోగ్రామ్‌లను డేటాబేస్‌లకు కలిపే విండోస్ ఏర్పాటు) డీఎస్ఎన్ (పేరు పెట్టి దాచుకునే కనెక్షన్ వివరాలు) పెట్టినా, డేటాబేస్‌లు చూసే డీబీవర్ అనే ప్రోగ్రామ్‌లో వాడుకోలేకపోతున్నారు. డీబీవర్‌లోనే చూడాలనుకుంటే ఓడీబీసీని వదిలేయండి. కొత్త కనెక్షన్‌లో ఎంఎస్ యాక్సెస్ ఎంచుకుంటే అది యూకెన్‌యాక్సెస్ అనే జావా డ్రైవర్‌ను వాడుతుంది. డ్రైవర్ ఫైళ్లు డౌన్‌లోడ్ చేయమంటారా అని అడిగితే సరే అనండి. ఆఫీస్ ఉన్నా లేకపోయినా దానికి అనవసరం.

మా మామయ్య ఎరువుల దుకాణం ఖాతాలు బయటికి తీసేటప్పుడు నాకూ ఇదే ఎదురైంది. బిల్లింగ్ ప్రోగ్రామ్ ఆగిపోయింది, రైతుల బాకీలన్నీ ఒక్క ఎండీబీ ఫైల్‌లో ఉండిపోయాయి. ఆ రెండు రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే. అప్పుడు నేను వాడింది వేరే టూల్, 64-బిట్‌ది. డీఎస్ఎన్ పెట్టాను, ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ టూల్‌లో కనెక్ట్ చేయగానే డ్రైవర్‌కూ అప్లికేషన్‌కూ ఆర్కిటెక్చర్ (32-బిట్, 64-బిట్ తేడా) కలవడం లేదని వచ్చేది. ఫైలే పాడైందేమోనని భయపడ్డాను. ఫైల్‌కు ఏమీ కాలేదు. విండోస్‌తో పాటు వచ్చే ఎండీబీ డ్రైవర్ 32-బిట్‌ది మాత్రమే. 64-బిట్ ప్రోగ్రామ్ దాన్ని లోడ్ చేసుకోలేదు. అంటే చూడాల్సింది విండోస్ ఎన్ని బిట్లదని కాదు, ఫైల్ తెరిచే ప్రోగ్రామ్ ఎన్ని బిట్లదని.

ఇక్కడ పేర్లు కూడా తికమక పెడతాయి. 64-బిట్ ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్ సిస్టమ్32 ఫోల్డర్‌లో, 32-బిట్‌ది సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉంటాయి. రెండు ఫైళ్ల పేరూ ఒకటే. ఎందులో డీఎస్ఎన్ పెట్టారో ఒకసారి చూసుకోండి. యాక్సెస్ ఫైళ్ల డ్రైవర్లను విడిగా ఇచ్చే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఇంజిన్‌లో 64-బిట్‌ది దొరుకుతుంది కానీ, 32-బిట్ ఆఫీస్ ఉన్న మెషీన్‌లో మామూలుగా ఇన్‌స్టాల్ అవ్వనివ్వదు. దాన్ని బలవంతంగా ఎక్కించమని నేను చెప్పను. పనిచేస్తున్న ఆఫీస్‌ను కదిలించి మరో తలనొప్పి తెచ్చుకోవడం ఎందుకు?

యూకెన్‌యాక్సెస్‌కూ ఒక ఇబ్బంది ఉంది. ఫైల్ తెరవగానే టేబుళ్లలోని డేటానంతా మెమరీలో ఇంకో డేటాబేస్‌గా పేర్చుకుంటుంది. అందుకే పెద్ద ఫైలైతే మొదటిసారి చాలాసేపు కదలకుండా ఉన్నట్టు కనిపిస్తుంది. ఓపిక పట్టండి. ర్యామ్ చాలకపోతే కనెక్షన్ ప్రాపర్టీస్‌లో మెమరీ అన్నదాన్ని ఫాల్స్ చేయండి, అప్పుడు డిస్క్ వాడుకుంటుంది. ఫైల్ యాక్సెస్ 97 నాటిదైతే చదవగలరు, రాయలేరు. మీకు కావాల్సింది డేటా బయటికి తీయడమే కాబట్టి అది చాలు. అదీగాక 2013 నుంచి వచ్చిన యాక్సెస్ ఆ పాత ఫైళ్లను అసలు తెరవదు.

ఏ డ్రైవర్ వాడినా అసలు ఫైల్ జోలికి మాత్రం వెళ్లకండి. ఆ ఫైల్‌ను వాడే ప్రోగ్రామ్ మూసేసి, పక్కన ఎల్‌డీబీ ఫైల్ (ఫైల్ తెరిచి ఉన్నప్పుడు కనిపించే లాక్ ఫైల్) లేదని చూసుకుని, కాపీ తీసి ఆ కాపీనే తెరవండి. మా బాకీల పుస్తకం విషయంలో నాకు ధైర్యాన్నిచ్చింది ఆ కాపీ ఒక్కటే.

తెలుగు పేర్ల చోట అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తే డ్రైవర్ మార్చుకుంటూ కూర్చోకండి. యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లతో ఎక్కించిన పేర్లు అలాగే కనిపిస్తాయి. మామయ్య ఫైల్‌లో ఊళ్ల పేర్లన్నీ అలాగే ఉన్నాయి. ముందు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) ఎగుమతి చేసి, ఆ ఫాంట్‌కు సరిపడే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకున్నాం. ఫైల్ సైజు ఎంతో, ఏ యాక్సెస్ వెర్షన్‌లో తయారైందో ఇక్కడ రాస్తే మిగతాది చూసి చెబుతాను.