సాగర్‌లో నీళ్లు కనిపిస్తున్నాయి, మరి వరి వద్దంటారేం?

రైతు ప్రశ్న: మాది హుజూర్‌నగర్ దగ్గర, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఒక మేజర్‌కు (పెద్ద పిల్లకాలువకు) చిట్టచివర. మొత్తం నాలుగెకరాలు. రెండున్నర ఎకరాలు నల్లరేగడి, ఎకరంన్నర చల్కా (తేలికపాటి ఎర్రనేల). చల్కాలో ఒక బోరు ఉంది. వానాకాలం వరి ఈ వారమే కోశాం. ఈసారి సాగర్ నిండలేదని, యాసంగికి ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో (కొన్ని రోజులు వదిలి, కొన్ని రోజులు ఆపి) నీళ్లిస్తామని, చివరి భూముల వాళ్లు ఆరుతడి పంటలు (నీరు నిలపకుండా అప్పుడప్పుడు తడి ఇస్తే చాలేవి) వేసుకోవాలని అధికారులు చెబుతున్నారు. డ్యాం మీదికి పోయి చూస్తే సముద్రంలా నీళ్లున్నాయి. నాలుగెకరాలకూ విత్తనం తెచ్చిపెట్టాను. రెండు బర్రెలున్నాయి, వాటికి గడ్డి కావాలి. నారు పోయమంటారా, వద్దంటారా?

జవాబు: నాలుగెకరాలకు పోయకండి. అరెకరానికి పోసుకోండి, అదీ చల్కాలో, బోరు కిందే. మిగతా భూమిలో వరి వద్దని గట్టిగానే చెబుతున్నాను. తెచ్చిన విత్తనం సంచులు విప్పకపోతే డీలర్ వెనక్కి తీసుకుంటాడేమో అడగండి.

డ్యాం మీద నిలబడితే నీళ్లు కనిపించే మాట నిజమే. కానీ అవన్నీ కాలువకు వచ్చే నీళ్లు కావు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ 312 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కనీస నీటిమట్టంగా పెట్టుకున్నది 510 అడుగులు. ఆ మట్టంలో కూడా డ్యాంలో దాదాపు 131 టీఎంసీలు ఉంటాయి. అంటే మన కంటికి సముద్రంలా కనిపిస్తున్నప్పుడే వాడుకోదగ్గ నీరు అయిపోయి ఉండొచ్చు. ఆ పైన మిగిలిన నీటిలో ముందు తాగునీటికి తీసిపెట్టాలి. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు సాగర్ నుంచే వెళ్తాయి. మీ ఎడమ కాలువ నీళ్లే పాలేరు రిజర్వాయర్‌లో చేరి ఊళ్ల దాహం తీరుస్తాయి. 2023-24 యాసంగి మీకు గుర్తుండే ఉంటుంది. సాగుకు నీళ్లు వదలలేదు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ తాగునీటి కోసం సాగర్ దగ్గర అత్యవసర పంపులు పెట్టాల్సి వచ్చింది. పైన ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటుకుని వస్తే గానీ మనకు వరద రాదు. డిసెంబర్ తర్వాత కొత్త నీరు వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ఇక అధికారులు ఆరుతడి అనడం వెనక ఉన్న లెక్క చెబుతాను. ఒక టీఎంసీతో వరి అయితే ఆరు వేల ఎకరాలు, ఆరుతడి అయితే పది వేల ఎకరాలు పారుతుందని మన ప్రాజెక్టుల్లో వాడుకలో ఉన్న అంచనా. ఎడమ కాలువ కింద ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపి పది లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. రెండు రాష్ట్రాల వాటాలు కృష్ణా నదీ యాజమాన్య బోర్డు దగ్గర కూర్చుని పంచుకోవాలి. ఉన్న కాస్త నీటిని ఎక్కువ మందికి అందించాలంటే ఆన్ అండ్ ఆఫ్, ఆరుతడి తప్ప దారి లేదు. 2010లో ప్రపంచ బ్యాంకు రుణం మంజూరయ్యాక కాలువలకు లైనింగ్ చేశారు, తూములు బాగుచేశారు, దాంతో ఊటగా పోయే నీరు తగ్గింది. కానీ పైనున్నవాళ్లు నిండా వరి పెట్టి, రాత్రిపూట కాలువలో మోటార్లు వేస్తే ఎంత లైనింగ్ చేసినా చివరి మడికి నీరు రాదు. ఇది మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ బాధ తెలిసే ముందు మీ బోరు సంగతి చూద్దామంటున్నాను.

రేపు పొద్దున 200 లీటర్ల డ్రమ్ము బోరు పైపు కింద పెట్టి, ఫోన్‌లో టైం చూసుకోండి. రెండు నిమిషాల్లో నిండిందనుకోండి, గంటకు ఆరు వేల లీటర్లు. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే 48 వేల లీటర్లు. వరికి పంటకాలం మొత్తంలో సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. 120 రోజులకు పంచితే ఎకరానికి రోజుకు 40 వేల లీటర్లు. చల్కా ఇంకా ఎక్కువే తాగుతుంది. మార్చి వచ్చేసరికి ఎండ ముదురుతుంది, బోరు తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే వరి పొట్ట మీద ఉంటుంది. ఎకరం పెట్టి చివర్లో ఎండబెట్టుకున్న రైతులను చాలామందిని చూశాను. పొట్ట మీదున్న పంటను కోసి పశువులకు వేయడం చూడలేం. అందుకే అరెకరం అన్నాను. డ్రమ్ము నిండడానికి నాలుగు నిమిషాలు పడితే ఆ అరెకరం కూడా మానేయండి.

ఆ అరెకరానికి కేఎన్ఎం 118 లాంటి స్వల్పకాలిక రకం తీసుకుని డిసెంబర్ 20 లోపు నారు పోయండి. దమ్ము బాగా చేసి, గట్టు లోపలివైపు బురద పామండి, లేదంటే చల్కాలో గట్ల పక్క నుంచే సగం నీరు పోతుంది. మడి మధ్యలో ఒక పైపు పాతండి. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, అడుగు పొడవు చాలు. కింది భాగానికి మేకుతో రంధ్రాలు పెట్టి, 20 సెంటీమీటర్లు మట్టిలోకి దించి, లోపలి మట్టి తీసేయండి. నాటిన రెండు వారాల దాకా పలుచగా నీరుంచండి. ఆ తర్వాత మడి పైన నీరు లేకపోయినా కంగారు పడొద్దు, పైపులోకి తొంగి చూడండి. మామూలు భూముల్లో నీరు 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా ఆగొచ్చు. మీది చల్కా కాబట్టి 10 సెంటీమీటర్లకే తడి ఇవ్వండి. పిలకల లోపల వెన్ను అంకురం ఏర్పడే దశ నుంచి పూత అయిన వారం దాకా మాత్రం మడిలో నీరు తప్పకుండా ఉండాలి. మొదటిసారి పెట్టినవాళ్లు మడి పైన చిన్నచిన్న నెర్రెలు చూసి టెన్షన్ పడతారు. పైపులో జానెడు లోతున నీళ్లు మెరుస్తూ కనిపిస్తే ధైర్యం వస్తుంది. ఈ పద్ధతిలో 20 నుంచి 30 శాతం దాకా నీరు మిగులుతుంది.

మిగిలిన ఎకరం చల్కాలో జనవరి రెండో పక్షంలో నువ్వులు వేయండి. 300 మిల్లీమీటర్ల లోపు నీటితో పంట చేతికొస్తుంది. పూతలో, కాయ కట్టేటప్పుడు తడి తప్పొద్దు, నీరు నిలవనీయొద్దు.

నల్లరేగడికి బోరు నీరు చాలదు, అక్కడ మినుము వేయండి. వరి కోసిన పదును ఇంకా ఉంది కాబట్టి ఆలస్యం చేయకండి, ఒక వారం ఆగితే ఆ పదును పోతుంది. ఆకులు పసుపుపచ్చగా మారే పల్లాకు తెగులును తట్టుకునే ఎల్‌బీజీ 787 గానీ టీబీజీ 104 గానీ తీసుకోండి. కిలో విత్తనానికి 5 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ పట్టించి విత్తితే మొదట్లో రసం పీల్చే పురుగుల బెడద తగ్గుతుంది. 25-30 రోజులప్పుడు ఒక తడి, కాయ దశలో ఒక తడి అందితే చాలు. ఆన్ అండ్ ఆఫ్ షెడ్యూల్ రాగానే మీ మేజర్‌కు ఏ తేదీల్లో నీరొస్తుందో కాలువ నీళ్లు చూసే లస్కర్‌ను అడిగి కాగితం మీద రాసుకోండి, ఆ రెండు తడులకు ఏ తేదీలు కుదురుతాయో అందులో చూసుకోండి. డ్యాం మట్టం ఎంతుందని రోజూ టీవీలో చూడడం కన్నా ఆ కాగితం మీకు పనికొస్తుంది. మొక్కజొన్న వేద్దామని మనసు లాగుతుందేమో. దానికి ఐదారు తడులు కావాలి, పూత మీద ఒక్క తడి తప్పినా కంకిలో గింజ పట్టదు. కాలువ చివర ఉన్నవాళ్లకు నేను చెప్పను.

విత్తిన వెంటనే మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) దగ్గర పంట నమోదు చేయించుకోండి. కరువు మండలాలను గుర్తించేటప్పుడు వర్షపాతంతో పాటు సాగు విస్తీర్ణం, పంట పరిస్థితి కూడా చూస్తారు. నమోదులో మీ పొలం వరి అని ఉండి, నేల మీద మినుము ఉంటే రేపు ఏ సాయం వచ్చినా మీకు చిక్కే. చల్కాలో ఆరుతడికి డ్రిప్ పెట్టుకోవాలనుకుంటే సబ్సిడీ సంగతి ఉద్యాన శాఖ వాళ్లను అడగండి.

బర్రెల గడ్డికి అరెకరం వరిగడ్డి చాలదు. నల్లరేగడిలో పది గుంటలు పశుగ్రాస జొన్న చల్లండి, మినుము నూర్చిన పొట్టు కూడా పారేయకండి. ఒక్క జాగ్రత్త. నీరందక వాడిన లేత జొన్నలో విషం ఉంటుంది. పూతకు రాకముందు కోసి వేయొద్దు, బర్రెలను అందులోకి తోలొద్దు. తడి ఇచ్చి, పూత వచ్చాకే కోయండి.