మూడు నెలలంటే 13 ఆదివారాలే

ప్రశ్న: మా చర్చి సంఘంలో 14 ఏళ్లుగా సండే స్కూల్ నడిపిస్తున్న టీచరమ్మ గారు ఆరోగ్యం సహకరించక మూడు నెలల్లో బాధ్యతల నుంచి తప్పుకుంటున్నారు. ఆరాధనకి మాత్రం మా సంఘానికే వస్తారు. ఆమె స్థానంలోకి ఒక అమ్మాయిని ఎంపిక చేశాం. చివరి ఆదివారం రిజిస్టర్లు, అలమర తాళాలు అప్పగించడం, అదే రోజు సన్మానం అనుకున్నాం. ఇంకేమైనా చేయాలా? కొత్తమ్మాయి నెలకి కొంత జీతం అడిగింది. టీచరమ్మ గారు ఇన్నేళ్లూ ఏమీ తీసుకోలేదు కాబట్టి పెద్దల్లో కొందరికి అది నచ్చలేదు. ఏం చేయమంటారు?
– ఒక సంఘ కమిటీ కార్యదర్శి

జవాబు: మూడు నెలలంటే చాలా టైం ఉన్నట్టే అనిపిస్తుంది. సండే స్కూల్ లెక్కలో అది 13 ఆదివారాలు, ఒక్కోటి మహా అయితే గంటన్నర. చివరి వారం దాకా ఆగితే పాత టీచర్, కొత్త టీచర్ పిల్లల మధ్య కలిసి ఉండేది ఆ ఒక్క పూటే. అది కూడా సన్మానం హడావిడిలో పోతుంది. ముందు ఆ తేదీ మార్చండి. కొత్తమ్మాయి వచ్చే ఆదివారమే వచ్చి వెనక బెంచీలో కూర్చోవాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నాకూ మీరనుకున్నట్టే అప్పగించారు. నేను 22 ఏళ్లు సండే స్కూల్ చూసుకున్నాను. మొదటి రోజు నా చేతికి వచ్చినవి మూడు రిజిస్టర్లు, ఒక తాళాల గుత్తి. ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయింది. మూడో ఆదివారం పిల్లల్ని వరసగా లేపి వాక్యం చదివిస్తున్నాను. తొమ్మిదేళ్ల బాబు వంతు వచ్చింది. బైబిల్ తెరిచి, మొదటి మాట కింద వేలు పెట్టాడు. ఆ వేలు కదల్లేదు. పక్కనున్న పాప మెల్లిగా మాట అందించింది. వాడు పుస్తకం మూసేసి, సంచి కూడా తీసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు. రెండు నెలలు మళ్లీ రాలేదు.

వాడికి చదవడం రాదని పాత టీచర్‌కి తెలుసు. చదివే సమయానికి వాడికి బొమ్మల కాగితాలు పంచే పని చెప్పేవారట. వాక్యం చెవితో విని, అందరికంటే ముందు వాడే అప్పజెప్పేవాడట. ఇదేదీ నాకిచ్చిన రిజిస్టర్లలో లేదు.

కాబట్టి ఈ నెలలోనే వాళ్లిద్దర్నీ హాజరు పట్టీ ముందు పెట్టుకుని కూర్చోబెట్టండి. ఒక్కో పేరుకి ఐదు నిమిషాలు. 40 మంది పిల్లలుంటే మూడు గంటలకి పైగా పడుతుంది, రెండు సాయంత్రాలు పెట్టుకోండి. ఎవరికి ఆయాసం వస్తే ఇన్‌హేలర్ ఎక్కడుందో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదో, ఎవరు ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నారో మాట్లాడుకోవాలి. ఆరోగ్యం సంగతులు, పిల్లని ఎవరితో పంపకూడదన్నది కాగితం మీద ఉండాలి, ఆ కాగితం తాళంలో ఉండాలి. ఇళ్లలో గొడవలు మాత్రం ఎక్కడా రాయొద్దు. అవసరమైనంత వరకు నోటితో చెప్పుకుంటే చాలు.

బైబిల్‌లో సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో మోషే, తన తర్వాత నాయకుడు కాబోయే యెహోషువను సర్వసమాజం ఎదుట నిలబెట్టి చేతులుంచుతాడు. నీ ఘనతలో కొంత యెహోషువ మీద ఉంచు అని దేవుడు మోషేతో చెబుతాడు. ‘కొంత’ అనే ఆ మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. మోషే ఇంకా బతికే ఉన్నాడు, నాయకుడుగానే ఉన్నాడు, అయినా అప్పుడే కొంత ఇవ్వాలి. మీరూ అలాగే చేయండి. అయిదో ఆదివారం నుంచి పాట, ప్రార్థన కొత్తమ్మాయి చూసుకోవాలి. తొమ్మిదో ఆదివారం నుంచి పాఠం ఆమెదే, టీచరమ్మ గారు వెనక బెంచీకి మారాలి. ఏ వారం ఏ టీచర్ అన్న పట్టిక కూడా అప్పటి నుంచి కొత్తమ్మాయే వేయాలి. తప్పు చేస్తే చేయనివ్వండి, సర్దడానికి పెద్దావిడ పక్కనే ఉంటారు కదా.

మిగతా టీచర్లని మర్చిపోకండి. టీచరమ్మ గారి మీద ప్రేమతోనే ఇన్నేళ్లు వచ్చినవాళ్లు ఉంటారు, ఆమెతోపాటే వాళ్లూ ఆగిపోతారు. ఒక్కొక్కరిని విడిగా కలిసి, ఇంకో ఏడాది ఉంటారా అని ఇప్పుడే అడగండి. పిల్లలకి కూడా ఈ వార్త ఆరాధనలో ప్రకటనగా తెలియకూడదు. టీచరమ్మ గారే వాళ్ల మధ్య కూర్చుని చెప్పాలి. ఎవరైనా ఏడిస్తే ఏడవనివ్వండి.

జీతం సంగతి. రాబర్ట్ రేక్స్ 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో సండే స్కూల్ మొదలుపెట్టినప్పుడు టీచర్లకి డబ్బు ఇచ్చే పెట్టుకున్నారు. ఉచితంగా చేసేవాళ్లు ఎక్కువైంది తర్వాతే. ‘పనివాడు తన జీతమునకు పాత్రుడు’ అని బైబిల్‌లో పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది. టీచరమ్మ గారు తీసుకోకపోవడం ఆవిడ ఇచ్చిన కానుక. దాన్ని తర్వాత వచ్చేవాళ్ల మీద రూల్‌గా పెట్టడం నాకైతే న్యాయంగా అనిపించదు. వారానికి ఎన్ని గంటలు, ఏ పనులు, ఎవరికి జవాబుదారీ అన్నది రాసి ఇవ్వండి. జీతం ఇవ్వలేకపోతే ఆ మాట ఆమెకి ఇప్పుడే చెప్పండి.

టీచరమ్మ గారు సంఘంలోనే ఉండటం మంచిదే, కానీ మొదటి ఏడాది పిలిస్తే తప్ప ఆ గదిలోకి రాకపోతే మేలు. తల్లిదండ్రులు పాత అలవాటుతో ఆవిడకే ఫోన్ చేస్తారు. ‘ఆ సంగతి కొత్త టీచర్‌తో మాట్లాడమ్మా’ అనే ఒక్క మాట చాలు. నేను చెప్పిన బాబు విషయంలో, సిగ్గు పడకుండా వెళ్లి పాత టీచర్‌ని అడిగాను. ఆవిడ నాతో వాళ్లింటికి వచ్చారు. వాడితో పాత కబుర్లేమీ చెప్పలేదు, నన్ను చూపించి ‘ఈ అక్కకి కాగితాలు పంచేవాళ్లు కావాలంట’ అన్నారు. తర్వాతి వారం వాడు వచ్చాడు.

ఇంకొకటి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్‌కి టీచరమ్మ గారే అడ్మిన్ అయి ఉంటారు. కొత్తమ్మాయిని ఈ వారమే అందులో చేర్చి, ఆమెని కూడా అడ్మిన్ చేయండి. పరిచయం చేస్తూ పెట్టే మెసేజ్ కమిటీ పెట్టొద్దు, టీచరమ్మ గారిని పెట్టమనండి.