వేగం గురించి వ్యాసం రాసిన అబ్బాయికి

అంబాజీపేట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది గాని, ‘చురుకైన మెదడే తెలివైన మెదడు’ అన్న మొదటి వాక్యాన్ని కొట్టివేశాను. 1884లో లండన్ ప్రదర్శనలో మనిషికి మూడేసి పెన్నీలు తీసుకుని చూపునూ, స్పందించడానికి పట్టే కాలాన్నీ కొలిచిన ఆంగ్ల శాస్త్రవేత్త గాల్టన్ కూడా దాదాపు ఇలాగే నమ్మాడు. వేగానికీ తెలివికీ సంబంధం ఉందని తరువాతివారు చూపారు, కాని అది ఒక మోస్తరు సంబంధమే. ఆ ‘మోస్తరు’ను నువ్వు మింగేశావు.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన సంగతిని నువ్వు అసలు తాకలేదు. సంకేతం కనిపించగానే స్పందించమని ఒకే మనిషిని పదేపదే పరీక్షిస్తే, అతని అతివేగపు స్పందనల కంటే అతి నెమ్మదైనవే బుద్ధి పరీక్షలో వచ్చే మార్కులను ఎక్కువగా పట్టిస్తాయని లార్సన్, ఆల్డర్టన్ అనే పరిశోధకులు 1990లో చూపారు. మనసు క్షణకాలం పక్కకు జారడమే ఆ నెమ్మదికి కారణమని కొందరంటారు. అది తేలిపోయిన విషయంగా మాత్రం రాయకు.

నిన్న మా ఎదుటి కొట్టులో లారీకి కొబ్బరికాయలు ఎత్తుతున్నారు. పెద్దాయన ‘ఒకటి’కి బదులు ‘లాభం’ అని మొదలుపెట్టి, రాగం తీస్తూ లెక్కిస్తున్నాడు. డ్రైవరు ‘ఎన్నయ్యాయి బాబాయ్?’ అనేసరికి ఆయన బదులు చెప్పకుండా, నోట్లో ఉన్న అంకెనే సాగదీసి, డ్రైవరు అటు తిరిగాక తరువాతి అంకె అందుకున్నాడు. పక్క కుప్ప దగ్గర ఆయనకంటే వడిగా విసురుతున్న కుర్రాడు అదే ప్రశ్నకు టక్కున జవాబిచ్చి లెక్క తప్పాడు. కుప్పంతా మళ్లీ ఎంచవలసి వచ్చింది. అంతమాత్రాన పెద్దాయనే తెలివైనవాడని తేల్చకు, ఎందుకంటే ఏళ్ల తరబడి చేసిన అలవాటు కూడా అలాగే కనిపిస్తుంది.

వేగానికీ నిలకడకీ ఉన్న ఈ తేడా మనవాళ్లకు కొత్త కాదు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన జంటకవితో కలిసి ప్రసిద్ధికెక్కించిన అవధానంలో, పలువురు అడిగేవాటికి ఒక్కడే జవాబివ్వాలి. అందులో ఆశువు, అంటే అప్పటికప్పుడు పద్యం చెప్పడం, వేగాన్ని అడుగుతుంది. సంబంధం లేని మాటలతో అడ్డుపడే అప్రస్తుత ప్రసంగి పని మనసును పక్కకు లాగడం. చెప్పిన పద్యాలన్నీ చివర తిరిగి అప్పజెప్పే ధారణ, ఇంత గోలలోనూ ఏది నిలిచిందో చూస్తుంది. పరీక్షలు వేరువేరుగా పెట్టారంటే, వేగం ఉంటే నిలకడ ఉన్నట్టే అని ఆ పరీక్షలు పెట్టినవారు అనుకోలేదన్నమాట.

వ్యాసాన్ని ఆ నెమ్మది స్పందనల నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. శనివారం లారీ వస్తుంది, పొద్దున్నే రా. లెక్క నువ్వు పెడుదువు గాని, ప్రశ్నలు నేనడుగుతాను.