జ్వరానికి గుండె పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా పాపకు ఐదో నెల. వారం నుంచి జ్వరం 102కు తగ్గట్లేదు, యాంటీబయాటిక్ పనిచేయలేదు. కళ్లు ఎర్రబడ్డాయి గానీ పుసి లేదు. చేతి మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ ఎర్రగా ఉబ్బింది. డాక్టరుగారు గుండెకు ఎకో తీయించమంటున్నారు. అవసరమా?
– ఓ తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అవసరమేనమ్మా, ఇవాళే తీయించండి. డాక్టరుగారి అనుమానం కవాసాకి జబ్బు, అంటే రక్తనాళాల వాపు. పెద్ద పిల్లల్లో దద్దుర్లు, ఎర్రటి పెదాలు, మెడలో బిళ్లలు కనిపిస్తాయి. ఆరు నెలల్లోపు వాళ్లలో ఒకటో రెండో లక్షణాలతో సరిపెట్టుకుంటుంది. గుండె రక్తనాళాలు ఉబ్బే ముప్పు మాత్రం వీళ్లకే ఎక్కువ. బీసీజీ మచ్చ కందడం మంచి ఆధారం, చాలామంది దాన్ని చూడనే చూడరు. వేళ్ల కొసల తోలు ఊడేది రెండో వారం దాటాకే, అందాకా ఆగకూడదు. రక్తపరీక్షలో వాపును తెలిపే సీఆర్పీ, ఈఎస్ఆర్, అలాగే ప్లేట్‌లెట్లు కూడా చూస్తారు.

జబ్బు తేలితే ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు) కిలో బరువుకు 2 గ్రాములు, 10–12 గంటలపాటు ఎక్కిస్తారు. జ్వరం మొదలైన 10 రోజుల్లోపు పడాలి. తర్వాత డాక్టరు చెప్పిన మోతాదులో ఆస్పిరిన్. దాంతోపాటు ఐబుప్రొఫెన్ వద్దు. మొదటి ఎకో బాగున్నా రెండు వారాలకు, మళ్లీ 6–8 వారాలకు తీయాలి. తొమ్మిదో నెల తట్టు టీకాను సాధారణంగా ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించిన 11 నెలల తర్వాతకు వాయిదా వేస్తారు, టీకా కార్డులో రాయించుకోండి. పోలియో చుక్కలకు అడ్డులేదు.