సూది వెయ్యకముందే ఒక ఫొటో

అమ్మడూ,

వచ్చే నెల నుంచి మెరిసే నానో రేణువుల్ని (కంటికి కనపడనంత చిన్నవి) చిట్టెలుకల ఒంట్లోకి ఎక్కించి, ఆ వెలుగుని ఫొటో తీసే పని మొదలని రాశావు. చాలా సంతోషం. ముందుగా ఒక్కటి చెప్తాను. రేణువులు ఎక్కించకముందే ఆ ఎలుకని అదే లైటు కింద, అదే ఫిల్టరుతో ఒక ఫొటో తీసిపెట్టుకో.

నేను తియ్యలేదు. మొదటి ఏడాది పొట్ట దగ్గర ధగధగా వెలిగితే పొంగిపోయి గైడుగారికి చూపించాను. ఆయన సూది వెయ్యని ఎలుకని తెచ్చి పక్కన పడుకోబెట్టమన్నారు. అదీ అలాగే వెలిగింది! వెలిగింది దాని మేత. మనం గేదెలకి పిల్లిపెసర వేసినట్టు ఆ దాణాలో లూసర్న్ గడ్డి కలుపుతారు. అందులోని పత్రహరితం ఎర్రగా వెలుగుతుంది. లూసర్న్ లేని దాణాకి వారం ముందే మార్చు.

వరదప్పుడు కోటిపల్లి రేవులో ఎర్రనీళ్ళలో చెయ్యి పెడితే మణికట్టు దాటి కనపడేది కాదు, గుర్తుందా? కాంతికి ఒళ్ళూ అంతే. టార్చిలైటు అరచేతి కింద ఆనించి చూడు. వేసింది తెల్ల వెలుగు, పైకొచ్చేది ఎరుపే. నీలం, ఆకుపచ్చ రక్తంలోనే ఆగిపోతాయి. అందుకే 700–900 నానోమీటర్ల మధ్య, అంటే ఎరుపు చివరా దాని అవతలా వెలిగేవి ఎంచుకో.

క్వాంటమ్ డాట్లకి (సైజుని బట్టి రంగు మారుతూ వెలిగే అతి చిన్న స్ఫటికాలు) 2023లో నోబెల్ వచ్చిందని వాటి మీదే మనసు పడ్డావు. వెలుగు గొప్పదే, కానీ చాలావాటిలో కాడ్మియం ఉంటుంది, పైపూత చెదిరితే విషం. సైజు 5.5 నానోమీటర్లు దాటితే మూత్రంలో పోవడం కష్టం, కాలేయంలో, ప్లీహంలో తిష్ఠవేస్తాయి. 1950ల నుంచి మనుషులకి వాడుతున్న ఇండోసయనిన్ గ్రీన్ అనే వెలిగే రంగుని పక్కన పెట్టి పోల్చు. దానికంటే మెరుగు కాకపోతే నీ రేణువు ఎందుకని అడుగుతారు, అడగాలి కూడా.

నీళ్ళలో చక్కగా ఉన్నవి సెలైన్‌లో పడగానే విరిగిన పాలలా ముద్దకట్టొచ్చు. సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే తేట) కలిపి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి చూశాకే సిరంజిలోకి తీసుకో.

ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రానిదే పంజరం ముట్టుకోకు. మత్తులో చిట్టెలుక కళ్ళు మూయదమ్మా, తడి ఆరిపోతుంది. ఆయింట్‌మెంటు రాయి, కింద వెచ్చటి ప్యాడు వెయ్యి. ఫొటో తొందరలో ఇదే మర్చిపోతారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ సూది వెయ్యని ఎలుక ఫొటో కూడా తీసుకురా. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ పెద్దమ్మ,
అమలాపురం