గురుడంత గ్రహం ముందే ఎందుకు దొరకదు?

ప్రశ్న: వేరే నక్షత్రాల చుట్టూ 4 రోజుల్లో, 10 రోజుల్లో తిరిగేసే గ్రహాలు బోలెడు దొరికాయని చదువుతున్నాం. మన గురుడిలా 12 ఏళ్లకోసారి తిరిగే పెద్ద గ్రహాలు మాత్రం తక్కువే అంటున్నారు. పెద్దవే ముందు కనపడాలి కదండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: ‘కనపడాలి’ అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉందమ్మా. వీటిలో చాలా గ్రహాలను ఎవరూ కంటితో చూడలేదు. నక్షత్రం కాస్త ఊగితేనో, దాని వెలుగు కాస్త తగ్గితేనో పక్కన ఏదో తిరుగుతోందని పసిగట్టారు, అంతే.

గురుడి లాగుడుకు మన సూర్యుడు ఊగే వేగం సెకనుకు 12 మీటర్లకు కాస్త ఎక్కువ. ఉసేన్ బోల్ట్ పరుగు మంచి ఊపులో ఉన్నప్పటి వేగం అన్నమాట. ఆ ఊగడాన్ని పట్టేది నక్షత్రం వెలుగును రంగులుగా విడగొడితే వచ్చే వర్ణపటంలో. ఊగినప్పుడు అందులోని గీతలు డిటెక్టర్ మీద జరిగేది పిక్సెల్‌లో దాదాపు వందో వంతు! పైగా ఆ ఊగడం ఒక చుట్టు పూర్తి కావాలంటే 11.86 ఏళ్లు కాచుకోవాలి. 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ అనే ఖగోళవేత్తలు పట్టుకున్న 51 పెగాసి బి అనే గ్రహం అయితే 4.2 రోజులకే ఓ చుట్టు కొట్టేస్తుంది. గురుడి లాంటి వాటి కోసం 21 నక్షత్రాలను 12 ఏళ్లపాటు కనిపెట్టుకుని ఉన్న ఖగోళవేత్త గోర్డన్ వాకర్ బృందం, ఒక్కటీ దొరకలేదని ప్రకటించింది కూడా 1995లోనే. తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధేస్తుంది.

గ్రహం అడ్డం వచ్చినప్పుడు నక్షత్రం వెలుగు తగ్గడం చూసే పద్ధతి ఇక్కడ పెద్దగా పనికిరాదు. అంత దూరపు గ్రహం మనకు సరిగ్గా అడ్డం వచ్చే అవకాశం సుమారు వెయ్యిలో ఒకటి. వచ్చినా 12 ఏళ్లలో ఒక్కసారే, 30 గంటల సేపు.

చదువుకునే రోజుల్లో నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. మా గైడ్ ఒక నక్షత్రం ఊగే వేగం తాలూకు 9 ఏళ్ల రీడింగులు చేతిలో పెట్టారు. చుక్కలన్నీ కలుపుతూ చక్కటి వంపు గీసి, 14 ఏళ్లకోసారి తిరిగే గ్రహం దొరికిందని ఎగిరి గంతేశాను. ఆయన నా పెన్సిల్ తీసుకుని ఆరో ఏడు మీద ఒక నిలువు గీత గీసి, ‘ఇక్కడ డిటెక్టర్ మార్చారు, చూసుకున్నావా?’ అన్నారు. చూసుకోలేదు. మార్చిన రోజు నుంచీ రీడింగులన్నీ సెకనుకు కొన్ని మీటర్లు పైకి లేచాయి. వాటిని కిందికి దించితే నా గ్రహం కాస్తా మాయమైంది. ఏళ్ల తరబడి చూడాల్సిన పనిలో పరికరం మారకుండా ఉండదు మరి. దానికితోడు నక్షత్రం మీద మచ్చలు పెరిగి తగ్గే చక్రం ఒకటి. అదీ వర్ణపటం గీతలను కాస్త జరిపి, నక్షత్రం ఊగినట్టే భ్రమ కలిగిస్తుంది. మన సూర్యుడి చక్రం సుమారు 11 ఏళ్లు, గురుడు ఒక చుట్టు తిరగడానికీ దాదాపు అంతే పడుతుంది. ఏది గ్రహమో, ఏది మచ్చల మాయో తేల్చడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

చుట్టు పూర్తికాకుండానే లెక్క కట్టాల్సి వస్తే ఎంతటివాళ్లకైనా గురి తప్పుతుంది. 12 కాంతి సంవత్సరాల దూరంలో ఎప్సిలాన్ ఇండై అనే నక్షత్రం ఉంది. దాని ఊగడాన్ని బట్టి ఒక పెద్ద గ్రహం ఉందని ముందే లెక్కగట్టారు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో నేరుగా ఫొటో తీస్తే గ్రహం ఉన్న మాట నిజమేనని 2024లో తేలింది. కాకపోతే అనుకున్న చోట లేదు, బరువు కూడా అనుకున్నదానికి దాదాపు రెట్టింపు. గురుడికి 6 రెట్లు.