టెక్ సందేహాలు: ఫీచర్ల జాబితా కాదు, పని చేసి చూపించమనండి

సందేహం: గోదాములో స్టాకు లెక్కలకు యాప్ చేశాం. ఏమేం కావాలో ముందే ఫామ్ పంపి సిబ్బందిని అడిగి, అన్నీ పెట్టాం. అయినా వాళ్లు పుస్తకంలోనే రాసుకుంటున్నారు. రెండో వెర్షన్‌ను వాళ్లతో కలిసే డిజైన్ చేయాలంటే ఎలా? ఎంతమంది కావాలి?

జవాబు: ఫామ్‌లో ఎవరైనా అప్పటికి తోచింది రాస్తారు. చేతికి గ్లవ్స్ ఉంటాయనీ, లోపలి వరసల్లో సిగ్నల్ అందదనీ ఏ గడిలోనూ రాయరు. అందుకే ముందు సరుకు దిగే చోటికే వెళ్లండి. చివరగా వచ్చిన లోడును ఎలా లెక్కకెక్కించారో చేసి చూపించమనండి. అడిగి ఆ పుస్తకం పేజీలు ఫొటో తీసుకోండి. అంచుల్లో గీసుకున్న గుర్తులూ కొట్టివేతలూ చాలావరకు మీ యాప్‌లో చోటు లేని వివరాలే.

ఆ తర్వాత 90 నిమిషాల పాటు కలిసి కూర్చోండి. యాప్ పరీక్షలకు తరచూ చెప్పే '5 మంది చాలు' అన్న లెక్క తయారైన తెరలో లోపాలు పట్టడానికి చెప్పింది, అదీ ఒకే రకం పనివాళ్ల విషయంలో. మీరు దించేవాళ్లు, పంపేవాళ్లు, లెక్కలు చూసేవాళ్ల నుంచి ఇద్దరేసి చొప్పున పిలవండి. సూపర్‌వైజర్‌తో విడిగా మాట్లాడండి. ఆయన ఎదురుగా ఉంటే 'అంతా బాగుంది' తప్ప మరో మాట రాదు. ఫోన్లో ఆరితేరినవాళ్లనే ఏరుకోవద్దు. బడ్జెట్, బార్‌కోడ్ పద్ధతి లాంటి మారనివేవో మొదటే చెప్పేయండి.

తెరల నమూనాలు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌లో మెరిసే తెరలు చూపిస్తే చర్చంతా రంగుల మీదే నడుస్తుంది. ఎ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేయండి, ఒక్కోటి దాదాపు ఫోనంత పొడవుంటుంది. తెర ఎలా ఉండాలో గీయమని పెన్ను వాళ్ల చేతికివ్వండి. గీసిన బటన్‌ను వాళ్లు నొక్కితే మీలో ఒకరు తర్వాతి కాగితం పెట్టాలి, వివరణ ఇవ్వకూడదు. ఆగిపోతే 'ఇప్పుడేం వస్తుందనుకున్నారు?' అని మాత్రం అడగండి. ఇది చిన్నపిల్లల ఆట అనిపించవచ్చు గానీ, కార్మికులతో కలిసి కంప్యూటర్ పరికరాలు డిజైన్ చేయడానికి 1981లో స్కాండినేవియాలో మొదలైన యుటోపియా ప్రాజెక్టులో అచ్చు కార్మికులు ఖాళీ అట్టపెట్టెనే లేజర్ ప్రింటర్ అనుకుని పని నడిపి చూశారు.

ఏ ఫీచర్ ముందు చేయాలో తేల్చడానికి తలా 3 ఓట్లు. చీటీల మీద రాయించి అందరివీ ఒకేసారి తెరవండి, లేకపోతే మొదటివారి వెనకే మిగతావాళ్లు పోతారు. కానీ ఓట్లే తుది మాట కాదు. వాపసు సరుకు చూసేది ఒక్కరే అయితే దానికి పడేవి ఆ ఒక్కరి ఓట్లే. దాన్ని వదిలేస్తే నెలాఖరుకు స్టాకు తేడా వస్తుంది.

వారంలోగా ఏవి తీసుకున్నారో, ఏవి ఎందుకు తీసుకోలేదో గోడకు అతికించండి. కొత్త వెర్షన్ వచ్చాక కూడా రెండు వారాలు పుస్తకాన్ని లాక్కోకండి. పుస్తకంలో ఉండి యాప్‌లో లేని ఎంట్రీలను రోజూ గుర్తుపెట్టండి, తర్వాతి విడతలో మాట్లాడాల్సింది వాటి గురించే.